కాకశిల మీద రెండు గొంతులు

అంగారవనం మీద తెల్లవారింది. పేరుకే అది వనం. మాంత్రికుడు ధూమకేశుడు ఏనాడో ఊదిన అగ్నికి మాడిపోయిన చెట్లు, ఆకూ అలమూ లేకుండా, నల్లని చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాయి. వాటి కొమ్మల సందుల్లోంచి ఉదయకాంతి కుంకుమనీళ్ళలా కారి, బూడిదనేల మీద మడుగులు కట్టింది. పక్షి కూత లేదు. పురుగు రొద లేదు. ఆ నిశ్శబ్దంలో, గుర్రాలు పోగొట్టుకున్న రౌతులు ఇద్దరు కాళ్ళీడ్చుకుంటూ పడమరగా నడుస్తున్నారు.

ముందు నడుస్తున్నవాడు నాగమల్లు. చందనగిరి అశ్వికదళంలో కత్తికి పేరు పొందిన యువకుడు. వెనక వస్తున్నవాడు శరభన్న. అతను వయసులో పెద్ద, ఏనుగుగున్నను భుజాన ఎత్తుకోగలడని సేనలో చెప్పుకుంటారు. ఇప్పుడు మాత్రం ఇద్దరికీ ఒంటిమీది చొక్కాలే బరువుగా ఉన్నాయి. కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రబడి, రెప్పల కింద నల్లని సంచులు వేలాడుతున్నాయి. వాళ్ళు నిద్రపోయి నెలలు గడిచాయి.

వాళ్ళే కాదు, చందనగిరి రాజ్యంలో ఎవరూ నిద్రపోవడం లేదు. ధూమకేశుడు తన ఆయుష్షు పెంచుకోవడానికి రాజ్యంలోని నిద్రనంతా మంత్రంతో లాగేసుకున్నాడు. నాటినుంచి హంసతూలికాతల్పం మీద మహారాజు, గడ్డిపరుపు మీద కూలివాడు ఒకే తీరున కళ్ళు తెరుచుకుని పొర్లుతున్నారు. అంతకన్నా ఘోరం మరొకటుంది. అలసటకు లొంగి మాట మానేసి, శూన్యంలోకి చూస్తూ కూర్చున్నవాడికి పాదాలనుంచి రాయి ఎక్కుతుంది. నగరవీధుల్లో అరుగుల మీద అలా రాయైపోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. బతకాలంటే మాట్లాడుతూ ఉండాలి.

అన్నాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? పంటల సంగతి ఒక పూటలో అయిపోయింది. పొరుగువాళ్ళ గుట్లు వారంలో అయిపోయాయి. ఎంత మాట్లాడుకున్నా తరగనిది ఒకటే మిగిలింది: కేసరుడు మేటి గాయకుడా, మేఘవల్లి మేటి గాయనా అన్న వాదం. కేసరుడు కిన్నెర మీటుతూ పాడేవాడు. ఆ గొంతు వింటే వెన్నెల్లో జాజిపందిరి కింద కూర్చున్నట్టుండేది. మేఘవల్లి పక్కన డోలు తప్ప మరేదీ ఉండేది కాదు. ఆమె గొంతెత్తితే కొండల మీద తొలివాన దిగినట్టుండేది. రాజ్యం సరిగ్గా రెండుగా చీలి, నవ్వుతూ, వెక్కిరించుకుంటూ, తిట్టుకుంటూ, ఆ వాదం మీద ప్రాణాలు నిలుపుకుంటోంది.

చివరికి రాజగురువు తపస్సు చేసి ఒక ఉపాయం తెలుసుకున్నాడు. ఈ కాలపు మేటి గాయకుల గొంతున పుట్టిన జోలపాట చందనగిరి కోటబురుజు మీద వినబడితే మంత్రం విడిపోతుంది. ఆ మేటి ఎవరని రాజు అడిగేలోగా గురువు పెదవులదాకా రాయి ఎక్కింది. ఈ కబురు ఎలా తెలిసిందో, ధూమకేశుడి రాబందులు దిగి ముందు కేసరుణ్ణి, కొన్నాళ్ళకు మేఘవల్లిని కాకశిల కోటకు ఎత్తుకుపోయాయి. వాళ్ళను తీసుకురావడానికి రాజు పంపిన యోధుల్లో నడుస్తూ మిగిలినవాళ్ళు ఈ ఇద్దరే.

నాగమల్లు కేసరుడి పక్షం. శరభన్న మేఘవల్లి పక్షం. అందుకే ఇంతదూరం రాగలిగారు.

వెనక అడుగుల చప్పుడు వినపడకపోవడం నాగమల్లు కాస్త ఆలస్యంగా గమనించాడు. తిరిగి చూస్తే శరభన్న ఒక మాడిన మొద్దుమీద కూర్చుని ఉన్నాడు. చూపు ఎటో ఉంది. కాలివేళ్ళు బూడిదరంగు తిరిగాయి.

నాగమల్లు పరుగున వెళ్ళి భుజాలు పట్టుకుని కుదిపాడు. కదలిక లేదు. అప్పుడతను ఎదురుగా గొంతుక్కూర్చుని, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"మేఘవల్లి మా ఊళ్ళో పాడినప్పుడు గేదెలు తాళ్ళు తెంపుకుని పోయాయన్నా."

శరభన్న పెదవి కదల్లేదు.

"గొంతు లేదనను. ఉంది. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి బాగా పనికొస్తుంది."

కుడికంటి రెప్ప అదిరింది.

"మొన్న వసంతోత్సవంలో మొదటి చరణం పాడి, రెండోది మరిచిపోయి, మళ్ళీ మొదటిదే ఎత్తుకుందంట కదా. జనం కనిపెట్టలేదులే. ఆవిడ చరణాలన్నీ ఒకలాగే ఉంటాయి."

"మరిచిపోలేదు," అన్నాడు శరభన్న. రెండు బండలు రాసుకున్నట్టుంది ఆ గొంతు. "జనం అడిగితే మళ్ళీ పాడింది. నేనున్నాను అక్కడ. నువ్వేడున్నావు? పక్క పందిట్లో మీవోడు కిన్నెర తీగెలు బిగిస్తా ఉంటే నోరు తెరుచుకుని చూస్తన్నావు. ఆయన బిగించడం అయ్యేసరికి ఉత్సవమే అయిపాయె."

"శృతి కలవకుండా పాడమంటావా?"

"పాడమంటాను. పాటగాడన్నాక ఎప్పుడో అప్పుడు పాడాల గదా."

కాలివేళ్ళకు మెల్లగా నెత్తుటిరంగు తిరిగివచ్చింది. నాగమల్లు చెయ్యి అందించాడు. శరభన్న ఆ చెయ్యి పట్టుకుని మూలుగుతూ లేచి, అతని భుజం మీద ఒకసారి తట్టాడు. అంతకుముందు దారిలో, ఉప్పుకయ్యల దగ్గర నాగమల్లుకు మోకాళ్ళదాకా రాయి ఎక్కినప్పుడు శరభన్న కూడా ఇలాగే కయ్యానికి దింపి కాపాడాడు.

అయితే ఆ మాటల చప్పుడు మరొకరు కూడా విన్నారు. అంగారవనంలో మనిషి గొంతు వినబడితే చెట్లకు మెలకువ వస్తుందని వాళ్ళకు తెలియదు. పక్కనున్న మొద్దు పెళపెళమంటూ వంగి, బొగ్గుకొమ్మతో శరభన్న నడుము చుట్టేసింది. మరో కొమ్మ నాగమల్లు తలమీదుగా రివ్వుమని పోయింది. అతను కత్తి దూసి అడ్డంగా నరికాడు. తెగిన చోట నిప్పురవ్వలు ఎగిశాయి. శరభన్న తనను చుట్టిన చెట్టును రెండు చేతులా కావలించుకుని, వేళ్ళతో సహా పెకలించి, మీదికి వస్తున్న మరో రెండిటి మీదకు విసిరాడు. ఇద్దరూ ఒకే పరుగు తీశారు. ముందు చెట్లు, వెనక చెట్లు, కాళ్ళ కింద పాముల్లా లేస్తున్న వేళ్ళు. వనం అంచున నేల ఒక్కసారిగా తెగిపోయింది. ఆగే వీలు లేక ఇద్దరూ ఆ ఏటవాలు మీద బూడిదలో పొర్లుతూ, జారుతూ, లోయ అడుగున ఇసుకలో వచ్చిపడ్డారు.

చాలాసేపు ఎవరూ లేవలేదు.

"మీవోడి పాటంత పొడుగుంది ఆ జారుడు," అన్నాడు శరభన్న పడుకునే.

నాగమల్లు నవ్వలేదు. అతను పైకి చూస్తున్నాడు. ఎదురుగా, లోయ మధ్య, ముక్కు చాచిన కాకి ఆకారంలో నల్లని శిఖరం మబ్బుల్ని తాకుతోంది. దాని నెత్తిన కోట. కాటుకరాళ్ళతో కట్టిన గోడలు మధ్యాహ్నపు ఎండలో తేమగా మెరుస్తున్నాయి. బురుజుల మీద ఏనుగుదంతాలు వరసగా గుచ్చి ఉన్నాయి. మహాద్వారానికి తాపడం చేసిన రాగిరేకుల మీద వెయ్యి నాలుకల సర్పం చెక్కి ఉంది. అదే కాకశిల.

శరభన్న వీపుకు కట్టుకున్న మూటలోంచి వేషాలు బయటికి వచ్చాయి. మాసిన పంచెలు, తలగుడ్డలు, మందునూనె తోలుతిత్తులు. కాళ్ళనొప్పులకు మర్దనా చేసే దేశదిమ్మరుల్లా తయారై, కత్తులు నూనెగుడ్డల్లో చుట్టి, మెట్లదారి పట్టారు. ఆ మెట్లు ఎక్కడం వాళ్ళకు యుద్ధంకన్నా కష్టమైంది. సగందూరం వెళ్ళాక ఎవరు ఎవరిని లాగుతున్నారో వాళ్ళకే తెలియలేదు.

ద్వారం దగ్గర ఇద్దరు రాక్షసులు కాపలా ఉన్నారు. ఒకడు కుండపొట్ట ఘటోదరుడు. రెండోవాడు చేటలంత చెవుల లంబకర్ణుడు. ఇద్దరూ ఈటెల మీద ఆనుకుని, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటున్నారు.

"ఎవర్రా మీరు?" అన్నాడు ఘటోదరుడు. అరిచే ఓపిక కూడా లేనట్టుంది.

"కాళ్ళు పిసికేవోళ్ళం దొరా," అన్నాడు నాగమల్లు వంగి దండం పెడుతూ. "తమరు నిలబడే తీరు చూస్తే పిక్కలు పట్టేసినట్టున్నాయి."

రాక్షసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ కోట కట్టిననాటినుంచి నిలబడే ఉన్నామనీ, కూర్చోమన్నవాడు ఈనాటికి ఒక్కడూ లేడనీ లంబకర్ణుడు గొణిగాడు. కాసేపటికి ఇద్దరూ ద్వారానికి చేరగిలబడి కాళ్ళు చాపారు. తాటిదూలాల్లాంటి ఆ కాళ్ళకు నూనె పట్టించడం మొదలైంది.

అప్పుడు కోట లోపలినుంచి ఒక ఆడగొంతు వినవచ్చింది. పాట కాదు, ఊరికే రాగం తీస్తోంది. శరభన్న చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు.

"బాగా పాడుతుంది కదూ?" అన్నాడు ఘటోదరుడు గర్వంగా, తన ఇంటి బిడ్డ పాడుతున్నట్టు.

"రెండోవాడు ఇంకా బాగా పాడేవాడు," అన్నాడు లంబకర్ణుడు.

"ఎప్పుడు? వాడు నోరు తెరిచి ఎన్నాళ్ళయింది?"

"తెరిచినప్పుడు పాడాడు కదా. ఆ పాట నాకింకా చెవుల్లో ఉంది. నీ చెవులకేం తెలుస్తుంది, చింతగింజలంత చెవులు."

నాగమల్లు, శరభన్న నూనెచేతులతో అలాగే ఉండిపోయారు. ప్రపంచం చివర, రాక్షసుల నోట, తమ రచ్చబండ మీది మాటలే వినబడుతున్నాయి. శరభన్న ముందుగా తేరుకున్నాడు.

"ఈ దొరగారు చెప్పిందే నిజం," అన్నాడు ఘటోదరుడి పిక్క నొక్కుతూ. "ఆడగొంతులో ఆ బరువు ఎక్కడొస్తుంది?"

"బరువు మోసేవోడికి కావాలి," అన్నాడు నాగమల్లు లంబకర్ణుడి కాలు పట్టుకుని. "వినేవోడికి తియ్యదనం కావాలి."

నెలల తరబడి నూరుకున్న వాదాలు ఇద్దరికీ నోటికి వచ్చు. రాక్షసులకు ఇలాంటి తోడు ఎన్నడూ దొరకలేదు. గొంతులు పెరిగాయి. ఈటెలు పక్కన పడ్డాయి. ఘటోదరుడు నేలమీద గుద్దితే ద్వారం గడియలు మోగాయి. లంబకర్ణుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇట్లా తెగదు దొరలూ," అన్నాడు చివరికి నాగమల్లు. "ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి, పక్షం లేనోళ్ళు విని చెప్పాలి. మేము పరదేశులం. మాకెవరైతేనేం? అయితే మీరు దగ్గరుంటే మీ మొహాలు చూసి తీర్పు చెప్పామంటారు. మీరు ఇక్కడే ఉండండి."

"చెవులు మూసుకుని ఉంటే ఇంకా న్యాయంగా ఉంటుంది," అన్నాడు శరభన్న.

రాక్షసులు ఆలోచించారు. అందులో వాళ్ళకు తప్పేమీ కనపడలేదు. లంబకర్ణుడు తాళాలు తీశాడు. ఘటోదరుడు మేఘవల్లిని ఆమె గదిలోంచి తెచ్చి కేసరుడి గదిలో వదిలాడు. పొద్దు వాలేలోగా తమ దొర ధూమకేశుడు రాబందునెక్కి తిరిగొస్తాడనీ, ఈలోగా తేల్చెయ్యమనీ చెప్పి, ఇద్దరూ ద్వారం దగ్గరికి పోయి, వేళ్ళు చెవుల్లో పెట్టుకుని, గోడకు తిరిగి నిలబడ్డారు.

కేసరుడి గది శిఖరం అంచున ఉంది. ఒకవైపు గోడ లేదు, ఆకాశమే. నాగమల్లు కేసరుణ్ణి ఎప్పుడూ దూరంనుంచే చూశాడు, దీపాల వెలుగులో, పట్టుశాలువాలో. ఇక్కడ ఒక పొట్టి మనిషి, బట్టతల, మాసిన గడ్డంతో రాతిపలక మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తీగ తెగిన కిన్నెర. మోకాళ్ళదాకా అతని కాళ్ళు రాయి అయిపోయి, కింది పలకలో కలిసిపోయాయి.

నాగమల్లు నేలమీద సాగిలపడ్డాడు. "అయ్యా, మేం చందనగిరినుంచి వచ్చాం. మీ పాట గురించి మాట్లాడుకోని ఇల్లు లేదయ్యా అక్కడ."

కేసరుడు చాలాసేపటికి తల తిప్పాడు. "ఇంకా ఆ గొడవ సాగుతోందా?"

"సాగుతోందయ్యా. దాంతోనే బతికున్నాం."

"ఎటు మొగ్గుంది?"

"మేఘవల్లమ్మ వైపే," అన్నాడు శరభన్న.

"సగం సగం," అన్నాడు నాగమల్లు.

మేఘవల్లి నవ్వింది. ఎత్తుగా, సన్నగా, నెరిసిన జుట్టుతో ఉందామె. పాటలో వాన కురిపించే గొంతు మాటలో మాత్రం బొంగురుగా ఉంది. "చిన్నప్పటినుంచీ ఇదే నాయనా. ఏ ఉత్సవానికి పిలిచినా ఆయనకో పందిరి, నాకో పందిరి. నా పాట అయ్యేసరికి ఆయన పాటా అయ్యేది. ఇంతకాలం ఈయనకు పోటీ అనిపించుకున్నాను గానీ, ఈయన పాట ఒక్కటి నేను వినలేదు. ఇక్కడైనా వింటాననుకుంటే, నన్ను తెచ్చేసరికే నోరు కట్టేసుకున్నాడు."

"నువ్వొచ్చేదాకా పాడుతూనే ఉన్నాను," అన్నాడు కేసరుడు. "వచ్చిన మొదటిపూట నువ్వు పాడావు. నేను నిన్ను వినడం అదే మొదలు. విన్నాక నాకు పాడబుద్ధి కాలేదు."

గదిలోకి గాలి వీచింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ కాసేపట్లోనే కేసరుడి మోకాలి మీదుగా బూడిదరంగు ఇంకో వేలెడు పైకి పాకింది. అది చూసి నాగమల్లు ఉలిక్కిపడి లేచాడు.

"మాటలు తర్వాత. పొద్దు వాలుతోంది. అన్నా, అయ్యగార్ని లేపు."

శరభన్న కేసరుడి నడుము పట్టి ఎత్తాడు. మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. చెట్టును పెకలించిన ఆ చేతులకు పలక కదల్లేదు. మళ్ళీ పట్టాడు. మూడోసారి కేసరుడే అతని చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాడు.

గది అంచున, గోడ లేనివైపు, లోయలోంచి నీళ్ళూ తిండీ పైకి లాగే పెద్ద కొయ్యచక్రం ఉంది. దానికి మోకు, మోకు చివర గంప. నాగమల్లు తొంగిచూశాడు. అడుగున ఇసుక, వాగు, దాని వెంట తూర్పుగా పోయే దారి కనిపించాయి. గంపలో ఇద్దరు పడతారు. చక్రం తిప్పడానికి ఒకరు పైన ఉండాలి. ద్వారం దగ్గర రాక్షసులున్నారు, ఆ ఒకరు దిగే దారి లేదు.

"నేను తిప్పుతాను," అన్నాడు నాగమల్లు. "అన్నా, నువ్వు అమ్మని తీసుకుని దిగు. నేను అయ్యగారి దగ్గరుంటాను. ఆయన కోసమే వచ్చాను."

"నువ్వుంటే ఆయన రేపటికి నిలువునా రాయి," అన్నాడు శరభన్న.

"ఏంటన్నా ఆ మాట?"

"నువ్వేం చేస్తావు? ఎదురుగా కూర్చుని ఆహా ఓహో అంటావు. పొగిడేవోడి ముందు ఎవుడైనా ఎంతసేపు మాట్లాడతాడు? ఊరికే తలూపుతా కూచుంటాడు. నేనుంటే కయ్యం పెట్టుకుంటా. ఆయన పాటల్లో ఎక్కడెక్కడ నాకు నచ్చలేదో అన్నీ చెప్తా. జవాబు చెప్పకుండా ఎట్లుంటాడో చూస్తా." చక్రం పిడి మీద చెయ్యి వేశాడు. "పైగా ఇది తిప్పడం నీ వల్ల కాదు."

నాగమల్లు గంప దగ్గరికి వెళ్ళి మోకు ముడి లాగి చూశాడు.

కానీ మేఘవల్లి కదల్లేదు. "మేటి పాట కావాలన్నాడు కదా మీ గురువు. లంబకర్ణుడు రోజూ చెబుతూనే ఉన్నాడు, ఆ మేటి ఈయనేనట. ఈయన్ని ఇక్కడ వదిలి నన్ను తీసుకుపోయి, రేపు బురుజు మీద నా పాటకు మంత్రం విడకపోతే ఏం చేస్తారు?"

"నేను నిన్ను విన్నాను," అన్నాడు కేసరుడు. "నువ్వు నన్ను వినలేదు. మేటి ఎవరో చెప్పే హక్కు ఇప్పటికి నా ఒక్కడికే ఉంది. నువ్వు వెళ్ళు."

"అయితే పాడు. విని నేనూ చెబుతాను."

కేసరుడు కిన్నెర వైపు చూశాడు. మిగిలిన తీగను వేలితో తాకాడు. శృతి చూసుకోలేదు. "దిగుతూ విను," అన్నాడు.

నాగమల్లు ముందు గంపలోకి దిగి ఆమెకు చెయ్యి అందించాడు. శరభన్న మోకు సర్దుతూ, మేఘవల్లి మొహంలోకి చూడలేక, నాగమల్లుతోనే అన్నాడు: "ఆవిడకి చల్లగాలి పడదు. కొంగు తలమీంచి కప్పుకోమను. దారిలో పుల్లటివి పెట్టమాక."

"అన్నా."

"పో. వాగు దాటేదాకా వెనక్కి చూడమాక."

చక్రం కిర్రుమంది. గంప శిఖరం అంచు దాటి గాలిలో వేలాడింది. కింద లోయంతా నారింజరంగు ఎండ పరుచుకుని ఉంది. నల్లని రాతిగోడ వాళ్ళ ముందునుంచి మెల్లగా పైకి పోతోంది. అప్పుడు పైనుంచి పాట దిగింది.

*దీపమారెను ఊరిచివరన*
*దారి తెలియద నీకు నిదురా*

నాగమల్లు కేసరుణ్ణి ఎన్నో ఉత్సవాల్లో విన్నాడు. ఇది ఎక్కడా వినని పాట. ఈ గదిలో కట్టినదై ఉంటుంది. గమకాలు లేవు, సంగతులు లేవు. పొద్దంతా నడిచి వచ్చిన మనిషి గుమ్మంలో కూర్చుని, ఇంట్లో ఎవరినో పిలుస్తున్నట్టుంది. మేఘవల్లి గంప అంచు పట్టుకుని, తల పైకెత్తి, రెప్ప వెయ్యకుండా వింటోంది. చరణానికీ చరణానికీ నడుమ శరభన్న గొంతు వినవస్తోంది: "ఆ దీర్ఘం అంతసేపు దేనికి? ఊపిరి చూపించడానికా?" దానికి కేసరుడు ఏదో కోపంగా జవాబు చెబుతున్నాడు, మళ్ళీ పాడుతున్నాడు.

గంప ఇసుకను తాకింది. నాగమల్లు దూకి ఆమెను దింపాడు.

"పదండమ్మా."

"పాట అయ్యేదాకా ఆగు."

"మాంత్రికుడు వచ్చే వేళ—"

"జీవితమంతా ఆగాను నాయనా. ఇంకొక్క చరణం."

ఆమె కళ్ళలోకి చూసి నాగమల్లు ఆగాడు. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. కత్తి మీది నూనెగుడ్డ విప్పి, వాగు ఒడ్డున నిలబడ్డాడు. పడమటి ఆకాశంలో నల్లని చుక్క ఒకటి కనిపించింది. అది పెరిగింది. రెక్కలు వచ్చాయి. దాని నీడ లోయ అవతలి గట్టునుంచి రాళ్ళ మీదుగా, ఇసుక మీదుగా, వాళ్ళ మీదుగా పాకి, శిఖరం ఎక్కింది. ఆ రాబందు మెడ మీద పొగజుట్టు ఎగురుతూ ధూమకేశుడు కూర్చుని ఉన్నాడు. అతను కిందికి చూడలేదు. కోటలోంచి వస్తున్న పాట వైపే చూస్తున్నాడు.

*నీడ పొడుగై ఏరు దాటెను*

పాట అక్కడ తెగిపోయింది. కేసరుడి గొంతు గానీ, దాన్ని తప్పుపట్టే శరభన్న గొంతు గానీ మళ్ళీ వినబడలేదు. పైన చక్రం ఒక్కసారి గిర్రున తిరిగి, తెగిన మోకు బుసకొడుతూ వచ్చి ఇసుకలో చుట్టలుగా పడింది.

నాగమల్లు శిఖరం వైపు ఒక అడుగు వేశాడు. ఇటువైపు ఎక్కడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళ అలసట అంతా ఒక్కసారిగా మీదపడి, ఇక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

మేఘవల్లి పాట తెగినచోటే చూస్తూ నిలబడి ఉంది. ఆ తరువాతి పాదం ఆమె వినలేదు. ఇంకెవరూ వినలేదు. పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. తరువాత ఆమె కొంగు తలమీంచి లాక్కుని, కేసరుడి వరసలోనే, తన గొంతుతో ఆ పాదం పూర్తి చేసింది.

*నీవు ఇంకా రావు నిదురా*

వాగునీళ్ళ మీద సన్నని వణుకు పాకింది. అవతలి ఒడ్డున గాలి ఆగింది. ఆమె మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఇద్దరి పాట అది, ఏది ఎవరిదో నాగమల్లుకు విడదీసి చెప్పడం సాధ్యం కాలేదు. అతని దవడలు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఛాతీ నిండా గాలి వెళ్ళింది. కళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఏదో విషప్రయోగం జరిగిందని హడలి గొంతు పట్టుకున్నాడు. తనకు వచ్చింది ఆవులింత అని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది.

పైన శిఖరం మీద కొమ్ము ఊదారు. కోట గూళ్ళలోంచి రాబందులు గుంపుగా లేచి, గిరగిరా తిరిగి, వాగు వైపు ముక్కులు దించాయి. మేఘవల్లి పాట ఆపకుండానే అతని మణికట్టు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. నాగమల్లు కత్తి ఎత్తాడు. అది ఎన్నడూ లేనంత బరువుగా ఉంది. రెప్పలు సీసపుముద్దల్లా దిగుతున్నాయి. అమ్మా, గట్టు ఎక్కేదాకా పాట ఆపండి అని చెబుదామని నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ఆవులింతే వచ్చింది.